ఖిదిర్‌పూర్ మోర్చాలో జింక తొడ

ముందే ఒప్పుకుంటున్నాను. నేను చెప్పే కొలతలన్నీ మూడుతో భాగించుకోండి. మా ఇంటావిడ ఐదుతో భాగిస్తుంది. అది ఆవిడ ఇష్టం.

పదిహేనేళ్లు సైన్యంలో చేశాను. స్టోర్‌లో బూట్లు, దుప్పట్లు ఇచ్చే పని. తుపాకీ పేల్చింది గురి పరీక్షల్లోనే. నేను చూసిన ఒకే ఒక్క యుద్ధం కలకత్తాలో, మా మేనత్త పొయ్యి దగ్గర జరిగింది.

జూన్ నెల, ఉదయం ఐదున్నరకి హౌరాలో దిగాను. సామగ్రి: నల్ల ట్రంకు ఒకటి, పరుపుచుట్ట ఒకటి, అన్నం డబ్బా, ఎనామిల్ మగ్గు. గాలిని పిండితే బకెట్టు నీళ్లు వచ్చేలా ఉంది. గోడలనిండా ఎర్రజెండాలు. హుగ్లీ మీద కొత్త వంతెన అప్పటికి సగమే కట్టారు. ఏడింటికి యూనిట్‌లో హాజరయ్యాను. మొదటి ఆదివారమే ఖిదిర్‌పూర్ ఓడరేవు క్వార్టర్లకి వెళ్లి అసలు కమాండర్‌కి సెల్యూట్ కొట్టాను.

మా మేనత్త దీనమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. గొంతు ఆరడుగులు. ఆవిడ కేకేస్తే రేవులో ఓడలు లంగరు వేసేవి.

ఆవిడ తండ్రి, అంటే మా తాత, వేట మీద నిషేధం రాకముందు మందస కొండల్లో దొరల వేట శిబిరాలకి వంటవాడు. అడవి మాంసం వండటంలో ఆయనకో కట్టుబాటు ఉండేది. అది ఇంటి పొయ్యి ఎక్కకూడదు. ఊరి బయట, మగవాళ్లే వండాలి. ఆడవాళ్లు కంచె దాకా నీళ్లు మోసి వెనక్కి వచ్చెయ్యాలి. తాత ఆ విద్య పెద్దకొడుకు ఏసుదాసుకి ఇచ్చాడు. కూతురికి బిందె ఇచ్చాడు.

ఒకసారి నాకు ఎండుచేపల పులుసు వడ్డిస్తూ అత్త అంది:

"ఒక్కసారి నా సేత్తో అది ఒండాల్రా. నాను సచ్చిపోయేలోపు ఒక్కసారి."

"ఎలా అత్తా? వేటాడితే జైలే కదా?"

"అందుకే కదా ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను."

పది నెలలు గడిచి ఎండలు ముదిరాక బంద్ పిలుపు వచ్చింది. బంద్‌నాడు మా ట్రక్కులు కదలవు. అందుకని నాకు ముందురోజే పాసు దొరికింది, బంద్‌నాటి సాయంత్రం ఆరు దాకా. అత్త ఇంటికి వచ్చేశాను. బంద్ ముందురోజు సాయంత్రం ఐదుకి మావయ్య గోనెసంచీ మోసుకుంటూ లోపలికి వచ్చాడు. ఆయన రేవులో క్రేన్ డ్రైవరు. యూనియన్‌లో పెద్ద గొంతు. ఆ బంద్‌కి పిలుపిచ్చినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు.

"ఏటది?" అంది అత్త.

"జింక తొడ. ఫారిన్ ఓడలో ఫ్రీజరు సెడిపోనాది. పడెయ్యడానికి మనసొప్పక వంట దొర అందరికీ పంచేసినాడు. ఆళ్ల దేశంలో జింకల్ని మనం మేకల్ని పెంచినట్టు పెంచుతారంట. దొంగవేట కాదు."

ఆ తొడ పొడవు ఫిరంగి గొట్టమంత. గడ్డకట్టి రాయిలా ఉంది. అత్త దాన్ని ముట్టుకోలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని అలాగే నిలబడింది. తర్వాత నావైపు తిరిగింది.

"అన్నియ్యకి ఫోను సెయ్యి."

పెదనాన్న ఏసుదాసు ఖరగ్‌పూర్‌లో రైల్వే మనిషి. మూలనున్న కిరాణా కొట్టు ఫోనే మా వైర్‌లెస్. పావుగంటకి లైను దొరికింది.

"పెదనాన్నా, జింక తొడ వచ్చింది. ఓవర్."

"ఎవులూ ముట్టొద్దు! తెల్లారి ఫస్టు బండికి వస్తన్నాను. దీనమ్మకి సెప్పు, అది ఆడోళ్ల పని కాదని."

ఇంటికొచ్చి మొదటి రెండు వాక్యాలే చెప్పాను.

"మిగిలింది కూడా సెప్పు," అంది అత్త.

చెప్పాను. ఆవిడ చేపల బజారు నుంచి ఐసు దిమ్మ తెప్పించింది. చెక్కపెట్టెలో రంపపుపొట్టు పరిచి, ఐసు మీద తొడని పడుకోబెట్టింది.

మర్నాడు ఉదయం ఆరు. ట్రాము లేదు, బస్సు లేదు. నడిరోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఎనిమిదికి ఐసు సగమైంది. తొమ్మిదిన్నరకి సబ్బుబిళ్లంత మిగిలింది. చేపల బజారు మూసేశారు. రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయని రేడియో చెప్పింది.

"మీ బంద్‌కి ఐసు కూడా బందేనా?" అంది అత్త.

"శ్రామికవర్గం ఒకసారి మాటిచ్చినాదంటే..." అని మావయ్య మొదలెట్టాడు.

"ఈ తొడ కుళ్లిపోతే శ్రామికవర్గం తింటాదా?"

పది గంటలకి అత్త మాంసాన్ని బొటనవేలితో నొక్కింది. వాసన చూసింది. అన్న వచ్చేదాకా ఆగితే అది కుక్కలపాలు. ఆగకపోతే తండ్రి మాట, అన్న మాట రెండూ పోతాయి. ఇంకో తొడ ఈ జన్మలో దొరకదు. ముగ్గురం ఆ పెట్టె చుట్టూ నిలబడ్డాం.

ఆవిడ కొంగు బిగించింది.

"బొగ్గుల పొయ్యి బైట పెట్టు. ఇంటి పొయ్యి ఎక్కకూడదన్నాడు నాన్న. ఎక్కదు. ఆడది ముట్టకూడదన్నాడు. రైల్లేదు, నానేటి సెయ్యను?"

"నీకు వండటం తెలుసా అత్తా?"

"కంచెకి సందులుంటాయి కదరా."

నేను సైనిక పరిజ్ఞానంతో సలహా ఇచ్చాను. "కుక్కర్లో పెట్టి ఆరు విజిల్స్ వేయిస్తే సరి."

"మేక కాదురా ఇది. పరిగెత్తి పరిగెత్తి కండ తాడైపోద్ది. కొవ్వుండదు. కుక్కర్లో పెడితే నీ బూటుకీ దీనికీ తేడా ఉండదు. ముందు ఖాసీ మేక కొవ్వు కావాల."

కొట్లన్నీ మూసి ఉన్నాయి. మూయించినవాళ్లలో మావయ్య ఒకడు. ఆయన ఒక్క నిమిషం పైకప్పు చూశాడు. తర్వాత జెండా చంకలో పెట్టుకుని వెళ్లి, కసాయి కొట్టు వెనకతలుపు తట్టాడు. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చాడు. చంకలో జెండా, జెండాలో కొవ్వు. కార్మికోద్యమంలో అంతటి త్యాగం నేను మళ్లీ చూడలేదు.

పదీ నలభైకి అత్త కండని పోగుకి అడ్డంగా కోసింది. పసుపు, ఉప్పు, చిక్కటి చింతపండు రసం పట్టించి గంటసేపు వదిలేసింది. పదకొండూ యాభైకి నువ్వులనూనెలో కొవ్వు కరిగించి ముక్కలు వేసింది. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, వేయించి నూరిన ధనియాలు, మిరియాలు తర్వాత పడ్డాయి. నీళ్లు మరిగినవే, గరిటతో కొంచెం కొంచెం. మూత మీద కూడా నిప్పులు పరిచింది. ఒక్కసారి కూడా రుచి చూడలేదు, ఒక్కసారి కూడా తడుముకోలేదు. ముప్పై ఏళ్ల కిందట కంచె సందుల్లోంచి చూసిన వంట అది. మ్యాప్ చేతిలో ఉండి దారి తప్పిన ఆఫీసర్లని నేను చాలామందిని చూశాను.

ఒంటిగంటా నలభై. వాకిట్లో పెదనాన్న. బండి సాంత్రాగాఛీలో ఆగిపోతే అక్కణ్ణుంచి నడిచొచ్చాడు. పద్నాలుగు కిలోమీటర్లు. దీన్ని మాత్రం భాగించకండి. చేతిలో గుడ్డలో చుట్టిన తాత కత్తి. పొయ్యి మీద గిన్నె చూసి ఆగిపోయాడు.

"ఎవులు ముట్టినారు?"

"నాను," అంది అత్త. లేవలేదు.

"సెప్పినాను కదే!"

"సెప్పినావు. ఐసు ఇనలేదు."

పెదనాన్న గొంతుక్కూర్చుని నిప్పుల్ని చూశాడు.

"సల్లనీళ్లు పోసినావా?"

"మరిగినవే."

"కొవ్వు?"

"మీ బావ బంద్ తెంచి తెచ్చినాడు."

మావయ్య జెండా వెనక్కి దాచాడు.

"ఆకర్న నాన్న ఏటో ఏసేవోడే," అన్నాడు పెదనాన్న.

"ఏటేసేవోడు?"

ఆయన గిన్నెవైపు, కత్తివైపు, మా అందరివైపు చూశాడు.

"నాకు గేపకం లేదే. నాన్న ఒండతన్నప్పుడు మేం కల్లు తాగీవోళ్లం."

అత్త కొంగు ముడి విప్పి చూపించింది. మామిడి ఒరుగులు. "గిన్నె దించీముందు."

పెదనాన్న కత్తి గోడకి ఆనించాడు. విసనకర్ర తీసుకుని చెల్లెలి పొయ్యి విసరడం మొదలెట్టాడు. గంటా పది నిమిషాలు విసిరాడు. నేను మారతానన్నా ఇవ్వలేదు.

మూడింటికి మూత తీశారు. ఆ వాసనకి క్రికెట్ ఆగిపోయింది, రేవులో కాకులు బారులు తీరాయి. మేం ముగ్గురం మగవాళ్లం పళ్లాలతో కూర్చున్నాం. ముక్క వేలితో నొక్కితే విడిపోయింది. పెదనాన్న మొదటి ముద్ద మింగి తలెత్తాడు. "నాన్న కంటే బాగా ఒండినావే దీనమ్మా," అన్నాడు.

సాయంత్రం ఐదూ యాభై ఐదుకి యూనిట్ గేటు దగ్గరున్నాను. సంత్రీ నా చొక్కా వాసన చూసి, పాసు చూడకుండానే లోపలికి వదిలేశాడు. మూడేళ్ల తర్వాత బదిలీ మీద కలకత్తా వదిలాను. ఆ తర్వాత మంచులో ఉన్నాను, ఎడారిలో ఉన్నాను. వాటిలో దేన్నీ ఇంత స్పష్టంగా గుర్తుపెట్టుకోలేదు.

ఇక కల్పించిన భాగం. 'నాన్న కంటే బాగా ఒండినావే' అన్న మాట పెదనాన్న అనలేదు. అది నా సొంతం. అత్త ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట కదా అని ఆయన నోట్లో పెట్టాను. ఆయన తల వంచుకుని తిన్నాడు. పళ్లెం ఖాళీ అయ్యాక రెండోసారి చాపాడు, అంతే.

అత్త ఆ పళ్లెం నింపింది. తర్వాత గరిట నా చేతిలో పెట్టి, తన పళ్లెం తెచ్చుకుని, అన్న పక్కన నేలమీద కూర్చుంది. ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు. ఆవిడకి నేనే వడ్డించాను.