శకటం మీద ఊడిపోయిన గ్లవ్

ఎనభైల మొదట్లో నేను న్యూ ఆర్లిన్స్‌లో ఇంజనీర్‌గా చేసేవాణ్ణి. అక్కడ మార్డిగ్రా పండక్కి ప్రైవేట్ క్లబ్బులవాళ్లు మాస్కులు పెట్టుకుని, శకటాలెక్కి ఊరేగుతూ జనానికి పూసల దండలు విసురుతారు.

ఒక ఏడు, అలాంటి క్లబ్బులో సభ్యుడైన మా ఆఫీసు బిల్‌కి నడుం పట్టేసింది. "నా బదులు నువ్వెక్కు. మాస్కు, గ్లవ్స్ ఉంటాయి, ఎవరికీ తెలియదు. నోరు మాత్రం విప్పకు" అన్నాడు. వాళ్ల క్లబ్బులో తెల్లవాళ్లని తప్ప చేర్చుకోరని నాకు తెలుసు. అయినా సరదాపడి ఒప్పుకున్నాను.

సగం దారిలో చిక్కుపడ్డ దండలు విడదీస్తుంటే కుడిచేతి గ్లవ్ ఊడి జనంలో పడిపోయింది. పట్టపగలు నా నల్లటి చెయ్యి బయటపడింది. చటుక్కున వెనక్కి దాచుకున్నాను గానీ, పక్కనున్న భారీ మనిషి చూడనే చూశాడు. దండలు విసరడం ఆపి నా వైపు తిరిగాడు. మాస్కులోంచి కళ్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. శకటం కదులుతోంది, దూకే వీల్లేదు.

"నువ్వు బిల్‌వి కాదు కదా?" అన్నాడు మెల్లగా.

కాదన్నట్టు తలూపాను.

ఆయన తన గ్లవ్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"తొడుక్కో. దిగగానే ఎవరితో మాట్లాడకుండా ఇంటికెళ్లిపో."

అలాగే చేశాను. అది నా మీద దయో, క్లబ్బు పరువు గురించిన భయమో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ, నవ్వుతూ పలకరించిన ప్రతి భారీ మనిషినీ ఆయనేనేమో అనుకుంటూ చూసేవాణ్ణి.