రెండు మళ్లు మిగిలిన కథ

నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని చిన్నప్పటి నుంచీ పొగరు. విన్న పాట ఇట్టే పట్టేసేదాన్ని. బొబ్బిలి దగ్గర మా పుట్టింట్లో ఆ పొగరు చెల్లింది. అరవై ఎనిమిదిలో పెళ్లయి కోటబొమ్మాళి పక్క పల్లెకి వచ్చాక, మొదటి ఉభాలకే అది కాస్తా దిగింది.

ఉభాలంటే వరి నాట్లు. మా అత్తవారి ఊళ్లో ఆడవాళ్లు నోరు మూసుకుని నాటరు. ఒకరు కథ పాడతారు, మిగతావాళ్లు వంత పాడుతూ వెనక్కి అడుగేస్తారు. పొలంలో ఎత్తిన కథ ఆ పొలం చివరి మడిలో, చివరి నారు కట్టతోనే ముగియాలి. ముందే అయిపోతే కాళ్లు కడుక్కుని గట్టెక్కేయాల్సిందే. అదే పొలంలో ఇంకో కథ ఎత్తకూడదు. ఊరికంతటికీ కథ ఎత్తేది మా అత్త. ఆ ఏడు సరిగ్గా ఉభాల ముందు జ్వరమొచ్చి ఆవిడ గొంతు పోయింది. "నువ్వెత్తు" అంది నాతో. కొత్త కోడలు ఏం చేస్తుందోనని వరసంతా నావైపే చూసింది. వాళ్ల చేత ఔననిపించుకోవాలని నాకెంత ఆశగా ఉందో చెప్పలేను.

కథ చిన్నదే. కొత్త పెళ్లికూతుర్ని అన్న బండి కట్టి అత్తవారింటికి తీసుకెళ్తాడు. గొంతు పోకముందే అత్త పాడగా రెండుసార్లు విని కంఠతా పట్టాను. ఒక్క ముక్క తప్పకుండా గడగడా పాడేశాను. పొద్దు నడినెత్తికి రాకముందే పిల్ల అత్తవారి గుమ్మం తొక్కేసింది. తలెత్తి చూస్తే ఇంకా రెండు మళ్లు బోడిగా నీళ్లతో ఉన్నాయి. గట్టు మీద పీకిన నారు కుప్పగా ఉంది. మర్నాడు ఈ ఆడవాళ్లకి వేరే పొలంలో పని. వంత ఆగిపోయింది. ఒకావిడ నడుం నిలబెట్టి గట్టు వైపు చూసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

గట్టు మీద కూర్చున్న మా అత్త ఆ పోయిన గొంతుతోనే అంది: "అప్పుడే సేర్సీసినావేటి? ఆ పిల్ల సేరనేదు. బండిలో కునుకు తీసి కలగన్నాది. లేసి సూస్తే ముందర ఏరు పొంగి ఉన్నాది."

"అక్కడి నుంచి నాకు పాట రాదత్తా," అన్నాను.

"రాకపోతే పోనీ. ఒడ్డున కూకుంది గదా, ఆ పిల్లకేటి కనిపిస్తాది? నీకు కనిపించిందే సెప్పు."

నా ముందు ఒక కొంగ ఉంది. మేం కాలు తీసిన చోటల్లా కాలు పెడుతూ పురుగులు వెతుక్కుంటోంది. దాన్నే పాడాను, బాణీ తప్పకుండా. పక్క నుంచి ఎవరో "పీత" అని అందించారు. దాని బొరియ ఏ గట్టులో ఉందో పాడాను. కొండ మీద మబ్బు, నత్తలు, మొగలిపొద, అన్నీ కథలోకి వచ్చి కూర్చున్నాయి. ఒక ముసలావిడ తన చిన్నప్పుడు ఆ గట్టున ఉండి తర్వాత పోయిన చెట్లన్నీ పేరుపేరునా గుర్తుచేసింది. వాటినీ ఏటి ఒడ్డున నిలబెట్టాను. ఇక చూడ్డానికేమీ మిగలక, ఆ పిల్ల వెనక్కి తిరిగి పుట్టింటి వైపు చూసింది. ఆ మాటలు నేను కట్టలేదు, వాటంతటవే వచ్చేశాయి. మా అమ్మ గుర్తొచ్చింది. వంత మాత్రం ఆగలేదు. చివరి కట్ట చేతికొచ్చాక ఏటి పొంగు తీయించి బండి దాటించాను.

ఆ తర్వాత చాలా పాటలు కట్టాను, కథలూ రాశాను. రాయబోయే ముందు ఇప్పటికీ, కంఠతా వచ్చింది పక్కన పెట్టి కాసేపు బయటికి చూస్తాను. అలా చూస్తూ కూర్చోవడం నాకెంతో హాయి.

మరుసటి ఏడు ఉభాలకి అత్త గొంతు బాగుపడింది. ఇక ఆవిడే ఎత్తుతుందని నేను వరస చివరికి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ చీర ఎగదోపుకుని నా పక్కనే మడిలోకి దిగింది.

"ఎత్తు మరి. తొందరపడకు, ఐదు మళ్లున్నాయి," అంది.

ఎత్తాను. వంతలో అందరికంటే ముందు అందుకున్నది మా అత్తే.