సంచీ మూలన పొడి డబ్బా

చిట్టిరొయ్యా, నీ గురించి రాయమన్నారే నన్ను. ఎక్కడ మొదలుపెట్టాలో నువ్వుంటే చెప్పేదానివి.

మా అమ్మాయి పోయిందండి. ఆ కబురు వచ్చినప్పుడు నేను పామర్రు మార్కెట్లో మా కొట్టు దగ్గర బొచ్చె చేపకి పొలుసు తీస్తున్నాను. చేతులు రెండూ జిగటగా ఉన్నాయి. ఫోను మోగుతుంటే పక్క కొట్టు ఆవిడ తీసి నా చెవి దగ్గర పెట్టింది. సూరత్ నుంచి, మా అమ్మాయి గదిలో తనతో పాటు ఉండే పిల్ల. "ఆంటీ" అంది. ఆ వెంటనే ఏడ్చేసింది. జ్వరం అని నాకు తెలుసు. తగ్గుతోందనే చెప్పింది నాతో. ఆసుపత్రిలో చేర్చారని తెలిసి మా తమ్ముడు టికెట్లు చూస్తున్నాడు. ఈలోపే అయిపోయింది. నేను ఆ చేపని కోసి, కవర్లో వేసి, కొన్నాయన చేతికి ఇచ్చానంట. నాకు గుర్తులేదు. పక్క కొట్టు ఆవిడ తర్వాత చెప్పింది.

మీరంతా తనతో పనిచేసినవాళ్ళు. తనని ఇంటికి తీసుకొచ్చింది కూడా మీరే. మీరు వేసే చిన్న పుస్తకానికి నాలుగు మాటలు రాయమన్నారు. తన పని గురించి నాకంటే మీకే బాగా తెలుసు. రొయ్యల చెరువులు తిరగడం, నీళ్ళు చూడడం, మేత ఎంత వెయ్యాలో రైతులకి చెప్పడం. ఇవాళ ఒరిస్సా అనేది, ఎల్లుండి బెంగాలు అనేది, మళ్ళీ సూరత్ అనేది. నాకు ఆ ఊళ్ళన్నీ ఒకటే. నాకు తెలిసింది ఒకటుంది. ఇంటి దగ్గర తను సంచీ ఎలా సర్దుకునేదో అది. అదే రాస్తాను. అంతకుమించి రాయడానికి ఓపిక లేదు.

చిట్టిరొయ్య అని పేరు పెట్టింది మా అత్తగారు. పుట్టినప్పుడు చాటలో పడుకోబెడితే ముడుచుకుని ఓ మూలకి చేరిపోయిందంట. మేం రొయ్యలూ చేపలూ అమ్ముకునేవాళ్ళం కదా, ఆవిడకి ఆ పేరే నోటికి వచ్చింది. పెద్దయ్యాక కూడా అంతే. మంచం ఎంత ఉన్నా ఓ మూలకి ముడుచుకునేది. సంచీ కూడా అలాగే ఉండేది, తనలాగా.

నీలం రంగు సంచీ. మీరూ చూసే ఉంటారు. చక్రాలు లేవు దానికి. చక్రాల పెట్టె కొనుక్కోవే, చెయ్యి నొప్పెడుతుంది అంటే, "విమానంలో చేత్తో తీసుకెళ్ళేది ఏడు కిలోలే అమ్మా, అందులో చక్రాలే తినేస్తాయి సగం" అనేది. బట్టలు మడతపెట్టేది కాదు, చాప చుట్టినట్టు బిగించి చుట్టేది. రెండు జతలు లోపల, ఒక జత ఒంటిమీద. బరువు బూట్లు కాళ్ళకి, చెప్పులు లోపల. ఆ చెప్పుల సందులో కూడా మేజోళ్ళు దోపేది. సబ్బు సగానికి కోసేది. మందులూ ఛార్జరూ పై అరలో, చెయ్యి పెడితే దొరికేటట్టు. నేను పక్కన నిలబడి ఎందుకైనా మంచిదని ఒక దుప్పటో, ఇంకో జతో పెడితే, మాట్లాడకుండా తీసి మంచం మీద పెట్టేది. "ఎందుకైనా మంచిది అంటావు చూడు, ఆ మాటే అన్నిటికంటే బరువమ్మా" అనేది.

మా వైపు మనిషిని ఉత్తిచేతులతో పంపం కదండీ. పక్క ఊరికి బస్సెక్కేవాళ్ళకి కూడా ఒక సీసాడు పచ్చడో, నాలుగు అరిటికాయలో చేతిలో పెడతాం. పెట్టకపోతే ఆ మనిషి మీద ఇష్టం లేనట్టు. ఇక కన్నబిడ్డ అంత దూరం పోతుంటే ఏం పెట్టకుండా ఎలా ఉంటాను. అందుకే ప్రతిసారీ గొడవ.

"పచ్చడి లోపలికి రానివ్వరు. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"మూత గట్టిగా బిగించాను కదే."

"మూత చూసి ఆపరమ్మా. నూనె చూసి ఆపుతారు."

"అయితే కింద సామాన్లలో వేసెయ్యి. అందరూ వేస్తారంట కదా."

"ఆ సామాను వచ్చేదాకా దిగినచోట నిలబడాలి. చెరువు గట్టు మీద రైతు నాకోసం చూస్తుంటాడు. సంచీ భుజాన వేసుకుని దిగి నడిచిపోవాలి నేను."

నా గొడవ సంచీ గురించి కాదండి. అక్కడ ఏం తింటోందో అని. మనిషి చూస్తే పుల్లలా ఉండేది. ఎక్కడెక్కడో తిరుగుడు. రోజూ రాత్రి ఫోను చేసి "తిన్నావా?" అనేదాన్ని. "తిన్నానే." "ఏం తిన్నావు?" "అన్నం." "అందులోకి?" "అమ్మా, మా సారు లైన్లో ఉన్నారు, పెట్టేస్తున్నా." అంతే. నేను ఒక్కరోజూ నమ్మలేదు. తన గురించి నాకున్న దిగులంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉండేది.

ఒకసారి నన్ను సూరత్ తీసుకెళ్ళింది, నా గది చూద్దువుగాని రా, ఆ దిగులు తీరుతుంది అని. విమానం ఎక్కడం అదే మొదలు నాకు. ముందురోజు నుంచే మొదలుపెట్టింది. పట్టుచీర వద్దు, వదులుగా నూలు చీర కట్టుకో. గాజులు తగ్గించు, పైన చేతులు కొంచెం ఉబ్బుతాయి. ఇంట్లో అన్నం తిని బయల్దేరు, ఖాళీ కడుపుతో విమానం ఎక్కకు. గన్నవరంలో లోపలికి వెళ్ళాక ఖాళీ సీసాలో నీళ్ళు పట్టి నాచేత తాగించింది. నడవ పక్కన సీటు నాకిచ్చింది. "కాళ్ళు లాగితే లేచి నాలుగడుగులు వెయ్యి. ఎవరూ ఏమనుకోరు" అంది. పైకి లేచేటప్పుడు చెవులు మూసుకుపోతాయని ఎండు ఉసిరిముక్క నా నోట్లో పెట్టింది. నమలకుండా చప్పరిస్తూ మింగుతూ ఉండమంది. నిజంగానే చెవులకేం కాలేదు.

అంతా బాగానే ఉంది గానీ, నేను ఒక పని చేశాను. తనకి చెప్పకుండా నా సంచీ అడుగున వేయించిన ఎండు రొయ్యలు పెట్టాను. నూనె లేదు, బరువు లేదు, ఇంకేం అంటుంది అనుకున్నాను. ఏసీ మొదలయ్యాక తెలిసింది.

ముందు సీటావిడ ముక్కుకి కర్చీఫు పెట్టుకుంది. "ఏంటండీ ఈ వాసన? ఏదైనా చచ్చిందా ఇక్కడ?"

నడవకి అటు పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. గట్టిగా గాలి పీల్చి, "చావడం ఎప్పుడో అయిపోయిందమ్మా. అవి ఎండు రొయ్యలు. ఎవరో బందరు వాళ్ళు ఎక్కారు" అన్నాడు.

నాకు ఉండబట్టలేదు. "బందరు కాదండీ, పామర్రు" అన్నాను.

చుట్టూ ఒకటే నవ్వు. "పామర్రా? అయితే దిగేటప్పుడు ఓ గుప్పెడు ఇటు పెట్టమ్మా" అన్నాడు ఆయన. మా అమ్మాయి శాలువా తల మీదుగా కప్పేసుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడిపించానేమో అనుకున్నాను. శాలువా ఎత్తి చూస్తే నవ్వలేక కళ్ళెంట నీళ్ళు కారుతున్నాయి దానికి. "బరువు లేనివే పెట్టావు, ఒప్పుకుంటా. వాసనకి కూడా ఇంకో సీటు కొనాలే తల్లీ" అంది. ఆ తర్వాత బూట్లు విప్పి, మేజోళ్ళు వేసుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని, ఆ కాస్త సీట్లోనే ముడుచుకుని నా భుజం మీద నిద్రపోయింది. ఆ శాలువాయే దుప్పటి, అదే దిండు. అంత ఇరుకులో అంత సుఖంగా ఎలా పడుకుందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ప్రయాణం తర్వాత మాకు రాజీ కుదిరింది. ఎండు రొయ్యలు బాగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర వేసి మెత్తగా పొడి కొట్టి, మర మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో కూరి ఇచ్చేదాన్ని. తువ్వాలులో చుట్టి సంచీ మూలన అదొక్కటి పెట్టుకోనిచ్చేది. వాసన రాదు, కారదు. వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా తెచ్చేది. నేను మళ్ళీ నింపేదాన్ని. ఆఖరిసారి వెళ్ళినప్పుడు కూడా నింపాను.

కార్యక్రమాలన్నీ అయ్యాక, గది ఖాళీ చెయ్యాలి కదా, నేనూ మా తమ్ముడూ వెళ్ళాం. ఇన్నేళ్ళు ఉన్న పిల్ల, సామాను బోలెడు ఉంటుందని వాడు రెండు పెద్ద సూట్‌కేసులు ఖాళీవి తెచ్చాడు. నాకు వద్దనే ఓపిక కూడా లేదు. నేను మాత్రం తను చెప్పినట్టే సర్దుకున్నాను. ఒక జత లోపల, ఒక జత ఒంటిమీద. అన్నం ఒక్కటి తినలేకపోయాను. అప్పటికి చాలా రోజులుగా సరిగ్గా తినడం లేదు. ముద్ద పట్టుకుంటే అదే మాట వస్తుంది. అది తిన్నదా? జ్వరంలో ఒక్కతే ఏం తిన్నది? దారంతా అదే.

గది చూశాక మా తమ్ముడు గుమ్మంలోనే సూట్‌కేసులు రెండూ దించేశాడు. "అక్కా, ఏముందే ఇక్కడ సర్దడానికి?" అన్నాడు. నాలుగు జతల బట్టలు, బూట్లు, శాలువా, దేవుడి పటం. పరుపూ బక్కెట్టూ కుక్కరూ ఆ పిల్లకే ఉంచెయ్యమన్నాను. మిగిలిందంతా చాపల్లాగా చుట్టి ఆ నీలం సంచీలో పెడితే సరిపోయింది. ఇంకా చోటు మిగిలింది. పిల్ల బతుకంతా సర్దినా చోటు మిగిలిందండి.

గదిలో ఉండే పిల్లది భీమవరం వైపు. పొయ్యి గట్టు మీద నుంచి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే అడుగున కొంచెం పొడి ఉంది.

నేను అడిగాను. ఇంతమందిని అడగలేక అడగలేక, దాన్ని అడిగాను. "తిన్నదా అమ్మా అది?"

"తినేది ఆంటీ. మీరు ఫోను చేసినప్పుడు తిన్నానని చెప్పేది కదా, అది నిజమే. మీతో మాట్లాడుతూ కూడా తినేది. జ్వరం వచ్చాక ఇడ్లీ తెస్తే వద్దంది. మెత్తగా అన్నం వండించుకుని ఈ పొడి కలుపుకునేది. నాలిక్కి ఇదొక్కటే తెలుస్తోందే అనేది. నాకు ఒక చెంచా పెట్టవే అంటే, ఇంటికెళ్ళేదాకా రావాలి, పోవే అని డబ్బా దాచేసేది."

ఆ పిల్ల అన్నం వండింది. నేను అడిగే వండిందో, తనే వండిందో తెలియదు. ఖాళీ కడుపుతో విమానం ఎక్కకూడదు కదా. ఆ అడుగున ఉన్న పొడిలో ఒక చెంచా కలుపుకున్నాను. ఆఖరిసారి కొట్టిన ఆ పొడిలో ఉప్పు కొంచెం ఎక్కువేశాను. ఆ సంగతి మా అమ్మాయి ఫోనులో ఒక్కసారీ నాకు చెప్పలేదు. అన్నం మొత్తం తిన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు సూట్‌కేసులు రెండూ ఖాళీగానే తూకం మీద పెట్టాడు మా తమ్ముడు. లోపల తనిఖీ చేసే అతను డబ్బా తీసి, మూత విప్పి, వాసన చూసి, మళ్ళీ గట్టిగా బిగించి ఇచ్చేశాడు. విమానంలో నడవ పక్కన సీటు నాకే వచ్చింది. నీలం సంచీ పైన, డబ్బా ఒళ్ళో. ఉసిరిముక్క నోట్లో వేసుకున్నాను. శాలువా కప్పుకుని, చెప్పులు విడిచి, కాళ్ళు పైకి పెట్టుకుని ముడుచుకున్నాను. శాలువాలో ఇంకా ఆ పొడి వాసన ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు, గన్నవరంలో దిగామని మా తమ్ముడు లేపాడు.

మీరు ఈ పుస్తకం చదివేటప్పటికి ఏ ఊళ్ళో ఉంటారో, ఏ విమానం కోసం కూర్చుని ఉంటారో. సంచీ తేలిగ్గా సర్దుకోండి, తను చెప్పినట్టే. ఇంటి దగ్గర అమ్మ ఏదైనా చిన్న డబ్బా పెడితే మాత్రం తీసి మంచం మీద పెట్టకండి. వేళకి కడుపునిండా అన్నం తినండి.