మోకాళ్ళ దవాఖానలో సరోజన మేడం

సరోజన మేడం ఇక లేరు. ఈ మాట రాయడానికి చేయి రావడం లేదు. ఆ ఉదయం నేను అహేరి బస్టాండులో సిరొంచ బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా ఆరోగ్య కేంద్రంలో నూనె మర్దన చేసే శాంతక్క ఫోన్ చేసి, మేడం చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారనీ, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందనీ చెప్పింది. నేను నమ్మలేదు. నేను అహేరికి బయలుదేరిన సాయంత్రమే నా వంతు మిర్చి బజ్జీలు కూడా తినేసిన మనిషి అంత తొందరగా ఎట్లా పోతారని శాంతక్కతోనే పోట్లాటకు దిగాను. పాపం, ఆమె అవతల ఏడుస్తూనే నా తిట్లు విన్నది. దారి పొడుగునా కిటికీ బయటే చూస్తూ వచ్చాను. ఏం చూశానో ఇప్పుడు గుర్తు లేదు.

మేడం మహారాష్ట్ర సరిహద్దులో, గోదావరి ఒడ్డున ఉన్న మా సిరొంచలోనే పుట్టి, నాగపూర్‌లో మనస్తత్వశాస్త్రం చదివి, మళ్ళీ సిరొంచకే వచ్చిన విదుషీమణి. ఆమె స్థాపించిన కేంద్రంలో నడుము నొప్పులకు, కీళ్ళ నొప్పులకు వ్యాయామాలు, యోగా, నూనె మర్దన, తాగుడు మానాలనుకునేవాళ్ళకు సలహా, మనోవ్యథకు కౌన్సెలింగ్, అన్నీ ఒకే కప్పు కింద జరిగేవి. మొదటి రెండూ నా పని. చివరి రెండూ ఆమెవి. అయితే బయటి బోర్డు మీద మరాఠీలోనూ తెలుగులోనూ మోకాళ్ళ నొప్పులే పెద్ద అక్షరాల్లో ఉండేవి. అట్టడుగున, చదవాలనుకున్నవాళ్ళు మాత్రమే చదివేంత చిన్నగా, మనసు బాగాలేకున్నా రావచ్చని రాసి ఉండేది. ఊరి జనం మాకు మోకాళ్ళ దవాఖాన అని పేరు పెట్టేశారు.

చేరిన కొత్తలో నాకది నచ్చలేదు. అసలు విద్వత్తు ఆమెది, పేరు నా మోకాళ్ళదా అని అడిగాను. ఆమె నవ్వి, "మోకాలు నొస్తుందని చెప్పుకుంట లోపలికి రావచ్చు. మనసు నొస్తుందని చెప్పి ఈ ఊర్ల ఎవలొస్తరు మధుకర్?" అన్నారు. అందుకే మా కేంద్రానికి ఒకటే వాకిలి, అందరికీ ఒకటే బల్ల. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరు నా గదికి వచ్చారో, ఎవరు ఆమె గదికి వచ్చారో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలిసేది కాదు.

ఆమె గదిలో మధ్యన టేబుల్ అడ్డం ఉండదు. రెండు కుర్చీలు పక్కపక్కన, కిటికీ వైపు తిరిగి ఉంటాయి. "ఎదురుంగ కూసుంటే పంచాయితీ లెక్కుంటది. పక్కపక్కన కూసుంటే బస్సుల పోయినట్టుంటది. బస్సుల మనిషి అన్నీ చెప్పుకుంటడు" అనేవారు. అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు గోండీలో మొదలుపెట్టి తెలుగులోకి, అక్కడినుంచి మరాఠీలోకి దాటుతుంటే ఆమె కూడా వాళ్ళ వెంటే దాటేవారు. ఏ భాషలో ఏడుపొస్తే ఆ భాషలోనే మాట్లాడనివ్వాలని మాకు చెప్పేవారు. ఇంత ఓపికగల మనిషి నా యోగా తరగతిలో మాత్రం పనికిరాని విద్యార్థిని. శవాసనం అనగానే గురక మొదలయ్యేది. తక్కిన శిష్యులు నవ్వు ఆపుకోలేక లేచి కూర్చునేవారు. నేను కసురుకుంటే, ఆసనం సిద్ధించిందనడానికి గురకకు మించిన రుజువు ఏముందని నన్నే దబాయించేవారు.

ఆమెకు ఒక నియమం ఉండేది. బజారులోనో పెళ్ళిలోనో బస్సులోనో తన దగ్గరికి వచ్చే మనిషి ఎదురైతే, ఆ మనిషి పలకరిస్తే తప్ప ఆమె గుర్తుపట్టరు. చూపు పక్కకు తిప్పుకుంటారు. వచ్చేవాళ్ళకు మొదటి రోజే ఈ సంగతి చెప్పి, బయట మీరూ నన్ను ఎరగనట్టే ఉండవచ్చని భరోసా ఇచ్చేవారు. సిరొంచ ఎంత ఊరని? ఇక్కడ పొద్దున తుమ్మితే సాయంత్రానికి అందరూ జలుబు గురించి అడుగుతారు. మేడం ఒకరిని ఆపి బాగున్నావా అంటే చాలు, ఆ మనిషికి పిచ్చి అని ముద్ర పడిపోతుంది. నోరు ఆగని నాకు ఈ నియమం పాటించడం ప్రాణసంకటంగా ఉండేది. పాటించాను. ఆమె దగ్గర పనిచేస్తూ పాటించకుండా ఉండటం కుదరదు.

సిరొంచ దగ్గరి అంకిసలో ఒక పెళ్ళికి మేమిద్దరం వెళ్ళాం. వడ్డిస్తున్న ఒకామె మేడం విస్తరి ముందు వంగి, మొహం కూడా ఎత్తకుండా, ఒకటి రెండు మటన్ ముక్కలు ఎక్కువ వేసి ముందుకు సాగిపోయింది. నా విస్తరిలో మాత్రం పులుసే ఎక్కువ పడింది. తిరుగుదారిలో మేడం, "గామె మంచిగున్నది. నాకు గంతే చాలు" అన్నారు. ఆ వడ్డించినామె ఎవరో, ఏ కష్టంతో వచ్చిందో నేను అడగలేదు. అడిగినా చెప్పేవారు కారు.

ఈ నియమం వల్ల నొచ్చుకున్న మనిషి ఒక్కరే. ఆమె మేడం తల్లి బానక్క. తల్లీబిడ్డలు ఒకే ఇంట్లో ఉండేవారు. వారం వారం అంగడికి కలిసి వెళ్ళేవారు. సగం ఊరు తన బిడ్డను చూసి తల తిప్పుకోవడం, బిడ్డ కూడా అట్లాగే చేయడం ఆ తల్లి కళ్ళారా చూసేది. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "నా బిడ్డను ఎవ్వలు పలకరియ్యరు. గంత చెడ్డపని ఏం జేసింది మధుకర్?" అని అడిగింది. ఏదో పని ఉందని చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజే మేడంతో గొడవ పెట్టుకుని, కన్నతల్లికైనా చెప్పరాదా అని నిలదీశాను. ఆమె శాంతంగానే జవాబిచ్చారు. "అవ్వకు చెప్తే ఏమైతది? మొఖం తిప్పుకున్నోళ్ళందరు నా దగ్గరికి వచ్చినోళ్ళేనని ఎరుకైతది. వాళ్ళ గుట్టు నాది కాదు గదా." తల్లి దృష్టిలో ఎవరికీ పట్టని మనిషిగా ఉండిపోవడానికి కూడా ఆమె ఒప్పుకున్నారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం ఆగదు.

దశదినకర్మ ముగిశాక కేంద్రం ఆవరణలో సంతాప సభ పెడదామన్నాను. బానక్క వద్దన్నది. బతిమాలితే ఒప్పుకుని, "కుర్చీలు ఎక్కువ తెప్పియ్యకు బిడ్డా. ఖాళీ కుర్చీలను నేను సూడలేను" అన్నది. ఆ ముసలితల్లి భయమల్లా, తన బిడ్డ ఎవరికీ ఏమీ కాకుండానే పోయిందని ఆ కుర్చీలు నలుగురిలో తేల్చి చెబుతాయేమోనని. నా గుండెలోనూ బెదురు ఉంది. రావలసినవాళ్ళు ఎందరో ఉన్నారని నాకు తెలుసు. నలుగురూ చూస్తుండగా ఈ వాకిట్లోకి వచ్చి మేడం ఫోటోకు దండం పెట్టాలంటే వాళ్ళకు ఎంత ధైర్యం కావాలో కూడా తెలుసు.

సభ రోజు చాలాసేపు మేమూ ఇరుగుపొరుగువాళ్ళే ఉన్నాం. తరువాత అంకిస వైపు నుంచి ఒక జీపు వచ్చింది. అహేరి బస్సు దిగి కొందరు నడిచి వచ్చారు. మోటారు సైకిళ్ళ మీద అడవి పల్లెలవాళ్ళు వచ్చారు. శాంతక్క కుర్చీల కోసం పక్కిళ్ళకు పరుగెత్తింది. వచ్చినవాళ్ళు ఫోటో దగ్గర పూలు పెట్టి, బానక్క ముందు వంగితే, నా బిడ్డ నీకు ఎట్లా తెలుసని ఆమె ప్రతివారినీ అడుగుతోంది. అందరిదీ ఒకటే జవాబు. మోకాళ్ళ నొప్పులకు వచ్చేవాళ్ళమని. నాట్లు వేసే ఆడవాళ్ళు అదే చెప్పారు. బండ ఎత్తి విసిరేసేటంత బలంగా ఉన్న మగవాళ్ళు అదే చెప్పారు. కాలేజీ చదివే ఒక అమ్మాయి కూడా అదే చెప్పింది. బానక్క నా వైపు తిరిగి, "గీ పోరికి గూడ మోకాళ్ళ నొప్పులేనా?" అన్నది. నా జన్మలో అన్ని మోకాళ్ళు చూసి ఎరగను. ఉన్నాయమ్మా అని నేల చూపులు చూశాను.

అప్పుడు అంకిస దగ్గర చేపలు పట్టే ఒక పెద్దాయన లేచాడు. ఆయనే నలుగురిలో చెప్పాడు, రాసుకొమ్మని నాకు అనుమతి కూడా ఇచ్చాడు కనుక రాస్తున్నాను. "నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయి బానక్కా" అన్నాడు. "నా కొడుకు గోదారిల పడి పోయిండు. గప్పటి సంది నేను వల ముట్టలె, నీళ్ళ దిక్కు సూడలె. నీ బిడ్డ నా పక్కన కూసున్నది. నేను నోరు తెరువకున్నా కూసున్నది. ఇప్పుడు మల్ల వల పట్టుకుంటున్న. అంగడిల నన్ను జూసి మొఖం తిప్పుకునేది. నాకు పిచ్చి లేసిందంటరని నేను భయపడితి గదా, గందుకు. ఆమెకు గర్వం లేదు. నా ఇజ్జత్ కాపాడింది."

ఆయన కూర్చున్నాడు. ఇంకెవరూ లేవలేదు, ఎవరూ తమ మాట మార్చుకోలేదు. బానక్క ఒక్కొక్క మొహాన్నీ నిదానంగా చూడసాగింది. అవి అంగడిలో ఏళ్ళ తరబడి ఆమె చూసిన మొహాలే, ఆమె బిడ్డను చూసి పక్కకు తిరిగిన మొహాలే. బిడ్డ పోయిన దినం నుంచి కన్నీరు పెట్టని ఆ తల్లి అప్పుడు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు.

మోకాళ్ళకు నేను ఉన్నాను. రెండో గదికి ఎవరూ లేరు. వేరే కౌన్సెలర్ కోసం వెతుకుతున్నాం, ఎవరో ఒకరు వస్తారు, ఆ కుర్చీలో కూర్చుంటారు. మేడం లాంటి మనిషి మాత్రం రారు. ఇప్పటికీ కొందరు వచ్చి, బల్ల మీద కాసేపు కూర్చుని, నన్ను ఏమీ అడగకుండానే లేచి వెళ్ళిపోతారు. ఆ నిర్మలాత్మకు నేను అక్షరాంజలి ఘటించగలను గానీ, వాళ్ళ పక్కన కూర్చోవడం నాకు చేతకాదు.

సభ తరువాత మొదటి అంగడికి బానక్క సంచి నేను మోసుకెళ్ళాను. సభకు వచ్చినవాళ్ళు కనబడితే ఇక అందరినీ పేరుపేరునా ఆపి పలకరిస్తానని ఆమె ఇంటి దగ్గరే చెప్పింది. ఆమె ఆశ చూసి వద్దనలేక, ఏం గొడవ అవుతుందోనని లోలోపల పరేషాన్ పడుతూ నడిచాను. కూరగాయల వరుసలో ఎదురుగా ఒకామె తన అత్తతో వస్తోంది. సభలో బానక్క చేతులు పట్టుకుని అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆమే. ఇప్పుడు మమ్మల్ని చూసి ఆమె అడుగు తడబడింది. బానక్క నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. పక్కనే ఉన్న టమాటా కుప్ప ముందు కూర్చుని, వాళ్ళిద్దరూ దాటి వెళ్ళేదాకా ఒక్కొక్క పండూ తీసి చూస్తూ తల ఎత్తలేదు. తరువాత నా భుజం పట్టుకుని లేచింది.

"నడువు బిడ్డా" అన్నది. "టమాటలు మంచిగ లేవు."