మా ఆయన మెడ పట్టేసిన ఆదివారం

మా అమ్మాయికి ఏడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. డాక్టరమ్మ రాసిన మాత్రలు రెండు పూటలా వేస్తున్నా, నెలకో రెండు నెలలకో వస్తూనే ఉండేవి. అప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్ళం. మా ఆయన అక్కడే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్.

ఒక ఆదివారం పీర్జాదిగూడ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. చెప్పులైనా విప్పకుండానే మొదలుపెట్టింది.

“ఉప్పల్‌ల ఒకాయన ఉన్నడు. ఫారిన్‌ల చదివి వచ్చిండంట. మెడ పట్టి గిట్ల తిప్పితే ఫిట్స్ బందైతయంట. కైరోప్రాక్టిక్ అంటరు.”

ఆ మాట పలకడానికి ఆమెకు మూడు ప్రయత్నాలు పట్టాయి. నాకు భయమేసింది. కానీ బిడ్డ కళ్ళు తేలేయడం చూసినదాన్ని, ఎవరేం చెప్పినా ఆశ పుట్టేది. నలుగురం ఆటో ఎక్కాం.

మందుల షాపు పైన ఆయన గది. గోడకు వెన్నెముక బొమ్మ, మధ్యలో ఎత్తు బల్ల. ఆయన చేతులు రుద్దుకుంటూ, “రా బేబీ, పడుకో” అన్నాడు.

మా అమ్మాయి కదల్లేదు. “ముందుగాల మా నాన్నకు జెయ్యున్రి.”

“గంతేనా?” అని మా ఆయన దర్జాగా బల్లెక్కాడు. వైద్యుడు ఆయన గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టి చటుక్కున తిప్పాడు. ‘టక్’మంది. దూరంగా కూర్చున్న మా ఆడబిడ్డ తన మెడ పట్టుకుంది.

మా ఆయన లేచాడు. తల మాత్రం కిటికీ వైపే ఉండిపోయింది.

“అక్కా, గిదేందే? తిరుగుతలేదు!”

“ఇంకోసారి తిప్పితే సరిపోతుంది సార్” అంటూ వైద్యుడు దగ్గరికొచ్చాడు. మా ఆయన బల్ల మీంచి దూకి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాడు. మెట్లు కనపడకపోతే మా అమ్మాయే చెయ్యి పట్టుకుని దింపింది. “ఇంకో మెట్టుంది నాన్నా. ఇగ అయిపోయినయ్.”

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, పక్కకు తిరిగి నమస్కారం పెట్టిన మా ఆయన్ని చూసి, “ఇవాళ పేషెంట్ ఎవరు?” అంది. జరిగింది విన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది.

“ఫిట్స్ పుట్టేది మెదడులో. మెడ తిప్పితే తగ్గవు. పిల్లలకు అది ప్రమాదం కూడా.”

తర్వాత పాప బరువు చూసింది. ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగింది, మాత్ర మాత్రం పాత మోతాదే. నాకు సిగ్గేసింది. రెండుసార్లు పాపను చూపించడానికి తీసుకురాకుండా మానేసింది నేనే.

మోతాదు మార్చాక ఫిట్స్ పలచబడ్డాయి, రెండో ఏడు రానేలేదు. మా ఆయన మెడ పది రోజులకు కుదిరింది. ఆ పది రోజులూ మా ఆడబిడ్డ మా ఇంట్లోనే ఉండి, ఉప్పుమూట వేడిచేసి కాపడం పెట్టింది. కైరోప్రాక్టిక్ అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.