వాగు దాటి చేసుకున్న పెళ్లి

సముద్రానికి ఎల్లలు తానే నియమించి, మొక్కజొన్న చేలకు ఎల్లలు గీసే పని మాత్రం మనుషులకు వదిలిపెట్టిన దేవాది దేవునికి స్తోత్రం. ఆ రోజుల్లో, అంటే చేతిలోని ఫోను దారి చూపించడం ఇంకా నేర్చుకోని కాలంలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక పల్లెటూరి కౌంటీలో నాకు ఉద్యోగం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే మనుషులు తక్కువ, మొక్కజొన్న ఎక్కువ. నడిబొడ్డున గడియార గోపురంతో కోర్టు. పెళ్లి లైసెన్సు ఇచ్చేదీ అక్కడే. (ప్రభువు జతపరచినా సరే, కౌంటీ ముద్ర పడాల్సిందే.)

పెళ్లి శనివారమనగా గురువారం నేనూ, ఎడిసన్ ఊరి నుంచి విమానంలో వచ్చిన కాబోయే ఆవిడా కోర్టుకు వెళ్లాం. కౌంటర్ వెనక తెల్లజుట్టు పెద్దావిడ మమ్మల్ని చూసి ముచ్చటపడి, కౌంటీ చరిత్ర అందుకుంది. పూర్వం వాగుకు ఇటు ఊరివాళ్లూ అటు ఊరివాళ్లూ కోర్టు మాకంటే మాకని కొట్టుకున్నారట. ఇటువాళ్లు దస్తావేజులన్నీ బండ్లకెత్తుకుని వచ్చేస్తే, అటువాళ్లు అలిగి వేరే కౌంటీ పెట్టుకున్నారట. నాకేమో చిన్నప్పటి నుంచీ పొడుగాటి ప్రసంగాలకు, విన్నా వినకపోయినా, తల ఊపే అభ్యాసం. (మా సంఘంలో ముందు వరుసవాడు తల ఊపకపోతే ప్రసంగం ఇంకా సాగుతుంది.) ఆవిడ ఆగినప్పుడల్లా ఊపాను. చివర్లో ఏదో నొక్కి చెప్పి "ఓకే హనీ?" అంటే మరింత భక్తిగా ఊపాను.

శనివారం ఉదయం, మా తెలుగు సహవాసం అద్దెకు తీసుకున్న చర్చిలో, పాస్టర్ అంకుల్ లైసెన్సు చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"బాబూ, ఇది పక్క కౌంటీది కదా. ఎక్కడ తీసుకుంటే అక్కడే పెళ్లి చెయ్యాలి. ఇక్కడ చేస్తే చెల్లదయ్యా."

"రాష్ట్రం ఒకటే కదండీ అంకుల్."

మొదటి నుంచీ నేనంటే అంతంతమాత్రంగా ఉన్న వధువు అన్నయ్యకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. "లైసెన్సే చూసుకోలేనివాడు మా చెల్లిని ఏం చూసుకుంటాడు? ఇవాళ ఆఫీసులు క్లోజ్. రేపు దీన్ని ఫ్లైట్ ఎక్కించి తీసుకెళ్లిపోతా. మిగతాది తర్వాత ఆలోచిద్దాం."

తెల్లచీరలో ఉన్న ఆమె నావైపు తిరిగింది.

"కోర్టులో ఆవిడ చివర్లో చెప్పింది అదే కదండీ. మీరు తల ఊపుతుంటే, చర్చి ఎటువైపుందో మీకు తెలుసనుకున్నా."

"నేను ప్రసంగమనుకున్నా."

"బానే ఉంది," అని ఆమె నవ్వు బిగపట్టుకుని, అన్నయ్యతో అంది: "ఫ్లైట్ సంగతి తర్వాత చూద్దువు గానీ. వాళ్లు కొట్టుకున్న వాగు ఈ చర్చి వెనకాలే ఉంది. బ్రిడ్జి దాటితే లైసెన్సు ఇచ్చిన కౌంటీయే. హీల్స్ విప్పేస్తున్నా, పదండి."

చర్చి మొత్తం నడిచింది. పట్టుచీరల ఆంటీలు, కీబోర్డు భుజాన వేసుకున్న ఒక అంకుల్, వెనక పిల్లలు. బ్రిడ్జి అవతల కౌంటీ పేరున్న పచ్చబోర్డు, దాని పక్కన మొక్కజొన్న చేను. పాస్టర్ అంకుల్ బూటుతో నేల తట్టి, "ఇక్కడ ఖాయమేనా?" అన్నారు.

"ఇంకో రెండడుగులు లోపలికి రండి అంకుల్, ఎందుకైనా మంచిది," అన్నాడు అన్నయ్య. నాకు ఆశీర్వాదం ఆ మాటతోనే అందింది. పికప్ ట్రక్కులో పోతున్న రైతు ఒకాయన బండి ఆపి, టోపీ తీసి, ఆఖరి ఆమేన్ దాకా నిలబడ్డాడు.

అక్కడ తీసిన పెళ్లి ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. గాలికి చెదిరిన జుట్టుతో వధువు నన్ను చూస్తోంది. నేనేమో ఆ బోర్డుకు ఏ పక్కన నిలబడ్డానో చూసుకుంటున్నాను. ఆ కుర్రాణ్ణి చూస్తే జాలీ, కొంచెం అసూయా కలుగుతాయి. చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి అడగండి: ప్రభువా, దారి తెలియనివాళ్లందరికీ, దారి విని గుర్తుపెట్టుకునే తోడును దయచేయి. ఆమేన్.