మూడు రోజులు ఆపిన సంతకం

మా చెల్లెలికి రెండు వారాలు జ్వరం, తలనొప్పి. పత్తి చేలో ఎండ తగిలిందనుకుని ఉల్లిపాయ రసం పూస్తా కూర్చున్నాం. మెడ బిగుసుకుపోయి మాట తడబడినాక కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయినాం.

"టీబీ మెదడు పొరలకు పాకినట్టుండాది. వెన్నులోంచి నీళ్లు తీసి చూడాల, సంతకం పెట్టప్పా" అన్నాడు డాక్టరు.

కాన్పప్పుడు వెన్నులో సూది వేసినప్పటి నుంచి నా భార్యకు నడుమునొప్పి. చెల్లెలు పత్తి ఏరే పిల్ల, నడుము పడిపోతే ఎట్లా బతుకుతాదని నేను సంతకం పెట్టలేదు. అంత తెలివి నాది! మూడో రోజు చెల్లెలికి స్పృహ తప్పినాక పెట్టినా. మందులతో ప్రాణం నిలిచింది.

ఇప్పుడు దాని నడుము శానా బాగుండాది. నిటారుగా కూర్చుంటాది. అన్నం కలిపి నోట్లో పెడితే నన్ను చూసి, "ఎవరప్పా నువ్వు?" అంటాది.